600 మంది చదివే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పిల్లలను చేర్చబోతున్నాం: అక్కడి పద్ధతులు, నిబంధనలు ఎలా ఉంటాయి?

ప్రశ్న: శివారు అమ్మ

అందరికీ నమస్కారం. మేము హైదరాబాదుకు పడమట, పటాన్‌చెరు దాటిన తరువాత వచ్చే పారిశ్రామిక ప్రాంతంలో ఉంటున్నాం. మా అమ్మాయి ఒక ప్రైవేటు బడిలో రెండో తరగతి పూర్తి చేసింది, బాబును ఈ సంవత్సరం ఒకటో తరగతిలో వేయాలి. ఇద్దరి ఫీజులూ వ్యాను కిరాయీ కలిపి లెక్క వేసుకుంటే మా జీతాలకు అందదని తేలిపోయింది కనుక, ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఇద్దరినీ చేర్చాలని మా వారూ నేనూ నిర్ణయించుకున్నాం. ప్రభుత్వ బడి మంచిదా, ప్రైవేటు బడి మంచిదా అన్న వాదన కోసం ఈ ప్రశ్న వేయడం లేదు. దయచేసి ఆ చర్చలోకి వెళ్లవద్దని మనవి.

మా సందేహమంతా బడి పరిమాణం గురించి. నేను మెదక్ పక్కన ఒక పల్లెలో, ఇద్దరు సార్లూ యాభై మంది పిల్లలూ ఉన్న బడిలో చదువుకున్నాను. అక్కడ నిబంధన అంటూ ఏదీ రాసి ఉండేది కాదు, సారు చెప్పిందే నిబంధన. ఇక్కడ ఒకటి నుంచి ఐదు తరగతులకే దాదాపు 600 మంది ఉన్నారట. పిల్లలను బడిలో చేర్పించే బడిబాట కార్యక్రమం జరుగుతున్న రోజుల్లో వెళ్లాం కాబట్టి ప్రధానోపాధ్యాయురాలి బల్ల చుట్టూ జనం ఉన్నారు, తీరిగ్గా ఏదీ అడగలేకపోయాం. గేటు మీద మాత్రం ఉదయం 9.15 తరువాత గేటు మూసివేస్తారని, మధ్యాహ్నం పిల్లలను బయటికి పంపరని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అక్కడే నిలబడిన ఒకావిడ, పళ్లెం ఇంటి నుంచే తెచ్చుకోవాలనీ, పిల్లలు రాని రోజు ముందుగా కబురు చేయాలనీ చెప్పింది.

పాత బడివారు చివరి టర్మ్ బకాయి కట్టనిదే టీసీ ఇవ్వమంటున్నారు. అది లేకుండా ఇక్కడ చేర్చుకుంటారా? బాబు జనన ధ్రువపత్రంలో పేరు తప్పుగా పడింది, సరిచేయించే వరకు ఆగాలా? అంతమందిలో ఒక్కొక్కరినీ పట్టించుకునే వీలు సార్లకూ మేడములకూ ఉంటుందా? మా అమ్మాయి కొత్త తిండి అంత తొందరగా ముట్టదు, ఇంటి నుంచి డబ్బా పంపితే ఒప్పుకుంటారా? కొట్టడం, ఎండలో నిలబెట్టడం వంటివి ఇంకా ఉన్నాయా? ఇలాంటి పెద్ద బడిలో పనిచేసినవారు గానీ, పిల్లలను చదివించినవారు గానీ అక్కడ రోజు ఎలా గడుస్తుందో వివరంగా చెప్పగలరు.


జవాబు: సుద్దముక్క

అమ్మా, నమస్కారం. నేను ఇదే జిల్లాలో సెకండరీ గ్రేడ్ టీచరుగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా పనిచేస్తున్నాను. ప్రస్తుతం ఉన్న బడిలో 500 పైచిలుకు పిల్లలున్నారు. అంతకుముందు ముప్పై మంది కూడా లేని బడిలో పనిచేశాను కాబట్టి మీ సందేహం నాకు బాగా అర్థమైంది. మీరు అడిగినవాటిలో చేరిక సంగతి తేలికైనది, దాన్ని ముందు ముగిస్తాను.

విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం టీసీని వెంటనే ఇవ్వవలసిన బాధ్యత పాత బడి ప్రధానోపాధ్యాయులది. అది రావడం ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ బడి చేరికను వాయిదా వేయడానికి గానీ, నిరాకరించడానికి గానీ వీలులేదని ఐదో సెక్షను స్పష్టంగా చెబుతుంది. వయసు ధ్రువపత్రం లేకపోయినా అంతే. ఆసుపత్రి లేదా ఏఎన్‌ఎం రిజిస్టరు, అంగన్‌వాడీ రికార్డు, ఏదీ లేకపోతే తల్లిదండ్రుల లిఖితపూర్వక ప్రకటన సరిపోతుంది. కనుక బాబు చేరిక ఆగదు. అయితే పేరు సవరణను మాత్రం నిర్లక్ష్యం చేయకండి. ఒకటో తరగతిలో అడ్మిషన్ రిజిస్టరులో ఏ పేరు, ఏ పుట్టిన తేదీ పడతాయో అవే పదో తరగతి మెమో దాకా వెంట వస్తాయి, ఆ తరువాత మార్పించుకోవడానికి కార్యాలయాల చుట్టూ తిరిగేవారిని ప్రతి ఏడాదీ చూస్తూనే ఉన్నాను. చేర్చే రోజున సరైన పేరును తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక కాగితం మీద రాసి ఇచ్చి, రిజిస్టరులో రాసిన తరువాత మీరే ఒకసారి చదువుకోండి.

ఈ రోజుల్లో అసలు చిక్కు కాగితంలో కన్నా కంప్యూటరులో వస్తోంది. బడుల వివరాలన్నీ నమోదయ్యే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ యూడైస్ ప్లస్‌లో ప్రతి విద్యార్థికీ ఒక శాశ్వత సంఖ్య ఉంటుంది, మేము పెన్ నంబరు అంటాం. పాత బడివారు పాప వివరాలను తమ జాబితా నుంచి తీసి ఆ వ్యవస్థలోని డ్రాప్‌బాక్సులోకి వదిలితేనే కొత్త బడివారు తమ జాబితాలోకి తీసుకోగలుగుతారు. ఈలోగా పాప తరగతిలో కూర్చోవచ్చు, చదువుకోవచ్చు, భోజనం చేయవచ్చు. కానీ ఆన్‌లైన్ లెక్కలో మాత్రం ఇంకా పాత బడి విద్యార్థినిగానే కనిపిస్తుంది. వారు వదలకపోతే మీ కొత్త ప్రధానోపాధ్యాయురాలి ద్వారా మండల విద్యాధికారికి రాతపూర్వకంగా తెలియజేయించండి. బకాయి గొడవ మీకూ ఆ యాజమాన్యానికీ మధ్య తేలవలసినది, దానికి పాప చదువును తాకట్టు పెట్టుకునే అధికారం వారికి లేదు.

ఇక గేటు సంగతి. చిన్న బడిలో పనిచేసినప్పుడు పిల్లవాడు పదింటికి వచ్చినా ఏమీ తేడా పడేది కాదు, కానీ పెద్ద బడిలో ఉదయం హాజరు అంటే వంటింటి లెక్క కూడా. ప్రాథమిక తరగతుల్లో ఒక్కో బిడ్డకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అన్నది ప్రమాణం. 500 మంది అంటే 50 కిలోల బియ్యం, 10 కిలోల పప్పు, 25 కిలోల కూరగాయలు, రెండున్నర కిలోల నూనె. మొదటి పీరియడులో హాజరు తీసి, అన్ని సెక్షన్ల సంఖ్యలూ కలిపి వంటవారికి చెబితే గానీ బియ్యం తూచరు. లెక్క చెప్పిన తరువాత నలభై మంది వస్తే ఆఖరి వరుసలో కూర్చున్న పిల్లలకు పలచటి చారే దిక్కవుతుంది. నలభై మంది వస్తారనుకుని వండాక రాకపోతే అన్నం పారబోయాలి. పిల్లలు రాని రోజు ముందుగా చెప్పమనడం కూడా ఇందుకే. మీకు కఠినంగా కనిపించిన బోర్డు వెనుక ఉన్నది ఈ తూకమే తప్ప అధికారం చూపించాలన్న సరదా కాదు.

మధ్యాహ్నం బయటికి పంపకపోవడానికి కారణం వేరు. అన్నం తిని ఇంటికి వెళ్లిన పిల్లల్లో కొందరు తిరిగి రారు, మీ ప్రాంతంలోనైతే బడి ముందు రోడ్డు మీద లారీలు తిరుగుతుంటాయి. మధ్యలో తీసుకుపోవలసి వస్తే పిల్లలు గుర్తుపట్టే పెద్దవారు స్వయంగా వచ్చి రిజిస్టరులో సంతకం చేయాలి. పక్కింటి అన్న వచ్చాడు, మేనమామ వచ్చాడు అంటే మేము పంపము. చేర్చేటప్పుడే ఎవరెవరు వచ్చి తీసుకుపోవచ్చో పేర్లు రాసి ఇవ్వడం మంచిది.

భోజనం మా బడిలో రెండు విడతలుగా సాగుతుంది: ఒకటి, రెండు తరగతులు ముందు, మిగిలినవి తరువాత. 500 మంది ఒకేసారి కుళాయిల దగ్గరికి వస్తే చేతులు కడుక్కునేసరికే గంట గడిచిపోతుంది. తెలంగాణలో వారానికి మూడు గుడ్లు పెట్టాలి, ఏ రోజు ఏమి వండాలో గోడ మీద రాసి ఉండాలి. భోజనం పిల్లల హక్కే గానీ నిర్బంధం కాదు కనుక మీరు నిశ్చింతగా డబ్బా పంపవచ్చు, తరగతి టీచరుకు చెబితే ఆ రోజు లెక్కలో పాపను కలపరు. నా అనుభవంలో డబ్బా తెచ్చుకునే పిల్లలు నెల తిరగకుండానే అందరితో కలిసి తినడానికి మొగ్గు చూపుతారు. పళ్లెం మాత్రం అంచు లోతుగా ఉన్నది, స్టీలుది, పేరు చెక్కించినది పంపండి. 500 పళ్లేలు ఒకే రకంగా ఉంటాయి.

కొట్టడం గురించి దాపరికం లేకుండా చెబుతాను. చట్టం పదిహేడో సెక్షను శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది, అతిక్రమించినవారిపై సర్వీసు నిబంధనల కింద క్రమశిక్షణ చర్య ఉంటుంది. బెత్తం దాదాపుగా పోయింది. నోటి దురుసుతనం అంత తొందరగా పోలేదు: తెలివి తక్కువవాడు అని ముద్ర వేయడం, ఇంటి పరిస్థితిని అందరి ముందూ ఎత్తిపొడవడం కొందరికి ఇంకా శిక్షగా కనిపించదు. అది కూడా మానసిక వేధింపే, మీరు ఫిర్యాదు చేయవచ్చు. ఎండలో నిలబెట్టడం కూడా శారీరక శిక్షే, దాని గురించి వేరే చెప్పనక్కరలేదు.

చదువు విషయానికి వస్తే, 2022-23 నుంచి మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. పుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. పాపను చేర్చుకున్న కొన్నాళ్లకు చదవడం, రాయడం, లెక్కలు ఏ స్థాయిలో ఉన్నాయో చూసే చిన్న పరీక్ష పెడతారు. అది ప్రవేశ పరీక్ష కాదు, ప్రవేశానికి పరీక్ష పెట్టడమే చట్టవిరుద్ధం. 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమంలో పిల్లలను స్థాయిని బట్టి గుంపులుగా చేసి బోధించడానికి అది అవసరం. ప్రైవేటు బడి నుంచి వచ్చిన పిల్లలు చాలామంది ఇంగ్లీషు పద్యం గడగడా అప్పజెప్పి, తెలుగు వాచకంలో ఒత్తుల దగ్గర ఆగిపోతారు. పాపకు అలా జరిగితే కంగారు పడకండి.


జవాబు: గంజిమెతుకు

టీచరు గారు చెప్పినవాటితో చాలావరకు ఏకీభవిస్తాను. నేను ఒక పెద్ద బడిలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ తరఫున తిరుగుతుంటాను కాబట్టి, తరగతి గది బయట జరిగేవాటి గురించి కొంత చెప్పగలను. మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలు అధ్యక్షురాలిగా, బడి ప్రధానోపాధ్యాయులు సభ్య కన్వీనరుగా ఈ కమిటీలు 2024లో ఏర్పడ్డాయి. ఇవి కాక విద్యాహక్కు చట్టం చెప్పిన పాఠశాల యాజమాన్య కమిటీ వేరే ఉంటుంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. ఏ కమిటీలో ఎవరున్నారో బడిలో అడిగి తెలుసుకోండి, పేర్లు చెప్పడం వారి బాధ్యత.

పెద్ద బడుల్లో నేను గమనించిన ఇబ్బంది ఏమిటంటే, లెక్కలన్నీ మెట్లు మెట్లుగా రాసి ఉంటాయి, పై మెట్టు మీద ఉన్నవారికి ఊపిరాడదు. సమగ్ర శిక్ష అనే కేంద్ర పాఠశాల విద్యా పథకం కింద ఏటా వచ్చే పాఠశాల గ్రాంటునే తీసుకోండి. 101 నుంచి 250 మంది వరకు ఉంటే రూ.50,000, 251 నుంచి 1,000 మంది వరకు ఉంటే రూ.75,000. అంటే 260 మంది ఉన్న బడికీ, 900 మంది ఉన్న బడికీ సుద్దముక్కలు, బల్బులు, కుళాయి మరమ్మతులు, ఫినాయిలు అన్నిటికీ కలిపి ఒకే మొత్తం. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు ఖర్చు పెట్టాలి. 600 మంది వాడే మరుగుదొడ్లకు ఆ పదో వంతు ఏ మూలకు వస్తుందో మీరే ఊహించుకోవచ్చు. పారిశుధ్య పనివారి కోసం వేరే నిధి ఉన్నా, ఇంటర్వెల్‌లో పది నిమిషాల్లో వందల మంది వెళ్లివచ్చాక శుభ్రం చేసే మనిషి ఆ సమయంలో అక్కడ ఉన్నారా లేరా అన్నదే ముఖ్యం. మేము కమిటీలో పట్టుబట్టి సాధించింది ఏమిటంటే, ఉదయం ఒకసారి కడిగి వెళ్లిపోవడం కాకుండా భోజన విరామం అయ్యాక రెండోసారి కూడా కడిగించడం. దానికి అదనపు డబ్బు అవసరం రాలేదు, పని వేళలు మార్చితే సరిపోయింది.

భోజనం గురించి మరికొంత. పిల్లలకు వడ్డించే ముందు పెద్దవారు ఇద్దరు ముగ్గురు రుచి చూడాలి, అందులో ఒకరైనా టీచరు ఉండాలి, రుచి చూసినట్లు రిజిస్టరులో రాయాలి. తల్లిదండ్రులు కూడా ఆ వేళకు వెళ్లి తినవచ్చు; మీరు మొదటి నెలలోనే ఒకసారి వెళ్లి పిల్లల పక్కన కూర్చుని తినండి, పది మందిని అడిగి తెలుసుకునే దానికన్నా అదే నయం. బియ్యం లేకనో, గ్యాసు లేకనో, వంటవారు రాకనో ఏ రోజైనా భోజనం పెట్టలేకపోతే ఆ రోజుకు సంబంధించిన బియ్యమూ వంట ఖర్చూ తరువాతి నెల 15వ తేదీలోగా ఆహార భద్రతా భత్యంగా ఇవ్వాలని 2015 నాటి మధ్యాహ్న భోజన నియమాలు చెబుతున్నాయి. ఈ సంగతి తల్లిదండ్రుల్లో నూటికి ఒక్కరికైనా తెలియదు.

అన్నం బాగాలేదని వంటవారి మీద కేకలు వేసే ముందు ఒక్క విషయం ఆలోచించండి. పాతిక మంది లోపు ఒకరు, వందలోపు ఇద్దరు, ఆపై ప్రతి వందకు ఒకరు చొప్పున వంటవారిని పెట్టుకోవచ్చు, అంటే మీ బడికి ఏడుగురు. మన రాష్ట్రంలో వారికిచ్చే గౌరవ వేతనం నెలకు రూ.3,000. కూరగాయలు, గుడ్లు ముందుగా వారే తెచ్చి పెడతారు, బిల్లులు తరువాత వస్తాయి. ఆలస్యమైతే కిరాణా కొట్టు అప్పు వారి నెత్తిన పడుతుంది, పప్పు పలచబడటం అప్పుడే మొదలవుతుంది. కనుక ఫిర్యాదు చేయవలసి వస్తే, బిల్లులు ఏ నెల దాకా వచ్చాయో ప్రధానోపాధ్యాయురాలిని అడిగి, ఆ వివరంతో పాటు మండల విద్యాధికారికి రాస్తే పనవుతుంది.

ఆరోగ్యం విషయంలో రెండు మాటలు. ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు వారానికొక గులాబీ రంగు ఐరన్ మాత్ర, ఆరు నెలలకొకసారి నులిపురుగుల నివారణకు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. ఐరన్ మాత్ర భోజనం తరువాతే మింగాలి. మీ పాప డబ్బా తెచ్చుకుని తినకుండా తిరిగి తెస్తున్నట్లయితే ఆ సంగతి టీచరుకు చెప్పండి. జ్వరంగా ఉన్నా, వేరే మందులు వాడుతున్నా ముందు రోజే చెప్పడం అవసరం.


జవాబు: రెండు బళ్ల తండ్రి

పైన ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ అడిగిన ప్రశ్నల్లో ముఖ్యమైన దానికి ఎవరూ నేరుగా జవాబు చెప్పలేదు: అంతమందిలో ఒక్కొక్కరినీ పట్టించుకోగలరా అని. మా అబ్బాయి రెండేళ్లు ప్రైవేటులోనూ, రెండేళ్లుగా ఒక పెద్ద ప్రభుత్వ బడిలోనూ చదువుతున్నాడు కాబట్టి నాకు కనిపించింది చెబుతాను.

ప్రాథమిక బడిలో ముప్పై మందికి ఒక టీచరు అని మనమందరం వింటుంటాం. చట్టం షెడ్యూలు చదివితే తెలుస్తుంది, అది చిన్న బడుల సంగతి. అరవై మంది వరకు ఇద్దరు, తొంభై వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు, 200 వరకు ఐదుగురు. 200 దాటితే ప్రధానోపాధ్యాయుణ్ణి మినహాయించి నలభై మందికి ఒకరు ఉంటే చాలు. 600 మంది ఉన్న బడికి 15 మంది టీచర్లు ఉంటే చట్టం ప్రకారం ఏ లోపమూ లేదు. పెద్ద బడి పిల్లవాడికి చిన్న బడి పిల్లవాడికన్నా తక్కువ శ్రద్ధ చాలని చట్టమే అనుకున్నట్టుంది! ఆ 15 మందిలో ఒకరు ప్రసూతి సెలవులో ఉంటే, ఇంకొకరిని శిక్షణకు పిలిస్తే, రెండు సెక్షన్లను కలిపి కూర్చోబెట్టక తప్పదు. ఎన్నికలు, జనగణన, విపత్తు సహాయం తప్ప వేరే పనులకు టీచర్లను వాడరాదని చట్టంలో ఉంది గానీ, ఆ మూడు మాత్రం తక్కువ పనులా?

మన ప్రాంతంలో ఇంకో విషయం ఉంది. మావాడి తరగతిలో బీహారు, ఒడిశా, కర్ణాటక, మహారాష్ట్ర నుంచి పనికి వచ్చినవారి పిల్లలు సగం మంది. 2018 చట్టం ప్రకారం అన్ని బడుల్లోనూ తెలుగు నేర్పాలి, అది మంచిదే. కానీ ఇంట్లో ఒక్క తెలుగు మాట వినని పిల్లవాడికీ, మావాడికీ ఒకే పీరియడులో ఒకే టీచరు తెలుగు చెప్పడం ఎంత కష్టమో ఒకసారి తరగతి గుమ్మం దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. వెనుకబడిన పిల్లలను తొలిమెట్టు పేరుతో పట్టించుకుంటున్నారు, చురుకైన పిల్లలు తమంతట తామే ముందుకు వస్తారు. మధ్యస్థంగా ఉండి, నోరు తెరిచి అడగని పిల్లలు మాత్రం ఎవరి కంటా పడకుండా ఏడాది గడిపేస్తారు. మీ పాప ఆ రకం అయితే నెలనెలా జరిగే తల్లిదండ్రుల సమావేశానికి తప్పకుండా వెళ్లి, పాప నోటుపుస్తకం తెరిచి పెట్టి మాట్లాడండి. బాగా చదువుతోందండీ అన్న మాటతో తృప్తి పడి తిరిగి రావద్దు. ఏ పాఠం తనంతట తాను చదవగలదో, ఏ లెక్క దగ్గర ఆగిపోతోందో అడగండి.

గేటు విషయంలో సుద్దముక్క గారితో విభేదిస్తున్నాను. తూకం అవసరం నిజమే, కానీ ఆలస్యమైన పిల్లలను రోడ్డు మీద నిలబెట్టడం ఏ లెక్క ప్రకారమూ సరికాదు. రాత్రి షిఫ్టు ముగించుకుని ఎనిమిదిన్నరకు ఇల్లు చేరే తల్లి 9.15కు పిల్లవాణ్ణి ఎలా తేగలదు? మా బడిలో కొన్నాళ్లు పిల్లలు పది దాకా బయట నిలబడేవారు. కమిటీలో గట్టిగా మాట్లాడాక గేటు పక్కన ఒక ఆలస్య రిజిస్టరు పెట్టారు. పేరు రాసి లోపలికి పంపుతారు, వరుసగా ఆలస్యమైతే తల్లిదండ్రులను పిలుస్తారు. వంటవారికి హాజరు కన్నా పదిహేను మందిని ఎక్కువ కలిపి చెబుతారు.


జవాబు: సుద్దముక్క

రెండు బళ్ల తండ్రి గారూ, మీరు చెప్పింది న్యాయం. గేటు మూయడమంటే పిల్లలను తిప్పి పంపడమని నా ఉద్దేశం కాదు. మా దగ్గర కూడా ఆఫీసు గది గుండా లోపలికి తీసుకుంటాం. బోర్డు మీద ఆ రెండో వాక్యం కూడా రాస్తే ఇన్ని అనుమానాలు రావు. నలభై మందికి ఒక టీచరు అన్న లెక్క కూడా వాస్తవమే, దాన్ని నేను కావాలని దాటవేయలేదు గానీ మీ అంత సూటిగా చెప్పలేదు. ఒక్క విషయం చేరుస్తాను: చట్టం పెద్ద బడికి ఇచ్చిన మేలు ఒకటుంది, 150 దాటితే ప్రధానోపాధ్యాయులు వేరుగా ఉండాలి. చిన్న బడుల్లో పాఠం చెప్పే టీచరే రిజిస్టర్లు రాయాలి, బియ్యం లెక్క చూడాలి, సమావేశాలకు వెళ్లాలి. పెద్ద బడిలో తరగతికి ఒక టీచరు నిలబడి పాఠం చెప్పే వీలుంటుంది. నేను 28 మందికి ఐదు తరగతులు కలిపి చెప్పినప్పటికన్నా ఇప్పుడు 42 మందికి ఒకే తరగతి చెబుతున్నప్పుడు పిల్లలకు ఎక్కువ ఇవ్వగలుగుతున్నాను.


జవాబు: విజయనగరం వలసపక్షి

మాది విజయనగరం జిల్లా, పదేళ్లుగా ఇక్కడే పరిశ్రమలో పని. ఊళ్లో అమ్మానాన్నల దగ్గర చదువుతున్న పాపను నిరుడు ఇక్కడికి తెచ్చుకున్నాం కనుక, ఆంధ్రా నుంచి వచ్చేవారెవరైనా ఈ చర్చ చదువుతుంటే వారికోసం రాస్తున్నాను. పెన్ నంబరు దేశమంతటికీ ఒకటే కాబట్టి రాష్ట్రం మారినా అదే పనికి వస్తుంది, బయలుదేరే ముందు అక్కడి ప్రధానోపాధ్యాయుల చేత వివరాలు వదిలించుకుని రండి. అక్కడ తల్లికి వందనం కింద తల్లి ఖాతాలో 2025లో రూ.13,000 పడింది, ఇక్కడ అలాంటి పథకం లేదు. గుడ్లు కూడా అక్కడ వారానికి ఐదు, ఇక్కడ మూడు. ఇవన్నీ లెక్క వేసుకున్నాకే తీసుకురావాలా వద్దా అన్నది నిర్ణయించుకోండి. మేము మాత్రం పాప మా దగ్గర ఉండాలనుకున్నాం. సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకున్నారు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. యూనిఫాం మాత్రం ఆలస్యమైంది, అప్పటిదాకా మామూలు బట్టలతో రానిచ్చారు.


జవాబు: శివారు అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. టీసీ గురించి ఉన్న భయం పోయింది, పేరు సవరణకు మీ సేవలో దరఖాస్తు పెట్టాం. ఇంకో రెండు సందేహాలు మిగిలాయి. నేను పనిచేసే చోట ఉదయం 8.30కు హాజరు పడాలి. పిల్లలను ఎనిమిదింటికే బడి దగ్గర వదిలి వెళ్లవచ్చా? ఇంటిపని ఎంత ఇస్తారు? పాత బడిలో రోజుకు నాలుగు పుస్తకాల నిండా రాయించేవారు, ఆ పని మేమే కూర్చుని చేయించవలసి వచ్చేది.


జవాబు: సుద్దముక్క

అమ్మా, ఇంటిపని ముందు. 2020లో కేంద్రం తెచ్చిన స్కూలు బ్యాగు విధానం ప్రకారం రెండో తరగతి దాకా ఇంటిపని ఉండరాదు, మూడు నుంచి ఐదు తరగతులకు వారానికి రెండు గంటలు మించరాదు. బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదు. మా బడిలో బాబు వయసు పిల్లలకు రాత పని ఇవ్వం. పాపకు రోజూ ఇరవై నిమిషాల పని ఉండవచ్చు. మీరు చేయించవలసిందల్లా, వాచకంలో ఒక పేజీ పైకి చదివించుకుని వినడం. టీచరు ఎవరైనా ఇంటి దగ్గర ట్యూషనుకు పంపమంటే ఒప్పుకోకండి, అది చట్టం ఇరవై ఎనిమిదో సెక్షనుకు విరుద్ధం.

ఎనిమిదింటికి వదలడం మాత్రం మంచిది కాదు. గేటు తీసేది సాధారణంగా మొదటి గంటకు అరగంట ముందు, అంతకుముందు లోపల బాధ్యత వహించే పెద్దవారు ఎవరూ ఉండరు. 600 మంది బడికి మీ వీధి నుంచి ఇరవై మందైనా వెళుతుంటారు. నాలుగైదో తరగతి పిల్లలతో కలిసి నడిచి వెళ్లే గుంపు ఏదైనా ఉందేమో చేర్చే రోజునే అడిగి, ఆ ఇళ్లవారితో మాట్లాడుకోండి. ఎవరి వెంట వస్తారో తరగతి టీచరుకూ చెప్పండి.

అంతకన్నా ముఖ్యంగా మార్చి గురించి ఇప్పుడే ఆలోచించుకోవాలి. ఏటా మార్చి 15 ప్రాంతం నుంచి ఒంటిపూట బడులు మొదలై ఏప్రిల్ చివరి వారంలో సెలవులిచ్చే దాకా సాగుతాయి. అప్పుడు బడి ఎనిమిదింటికే మొదలవుతుంది కనుక ఉదయం మీకు ఇబ్బంది ఉండదు. మధ్యాహ్నం 12.30కు బడి వదిలి, భోజనం పెట్టి పంపేస్తారు, ఒంటిగంటకల్లా ఇద్దరూ మండుటెండలో గేటు బయట ఉంటారు. మీరు సాయంత్రం వచ్చే దాకా వారు ఎవరి ఇంట్లో ఉంటారో, గేటు దగ్గరికి ఎవరు వస్తారో ఆలోచించి, చేర్చే రోజు ఇచ్చే పేర్ల జాబితాలో ఆ మనిషి పేరు కూడా రాయించండి.